బాలప్ప పూడ్చిన పాయ

మా ఊరి నడుమ ఒక తిప్ప ఉంది. ఇప్పటి పిల్లలకు అది ఇళ్ళున్న దిబ్బ, అంతే. ఒకప్పుడు ఏరు దానికి రెండు పక్కలా చీలి పారేది. పెద్ద పాయ అవతల, చిన్న పాయ బజారు వైపు. ఏరు వచ్చిందంటే తిప్ప మీదివాళ్ళకు రాకపోకలు ఉండేవి కావు. అందుకే ప్రతి ఇంట్లోనూ తొలి ఏకాదశినాడు ఒక కుండలో కొర్రలు, రాగిపిండి, ఉప్పు, అగ్గిపెట్టె పెట్టి, మూతికి గుడ్డ కట్టి, దూలానికి వేలాడదీసేవారు. దాన్ని ఏటికుండ అనేవారు. పాత కుండ దించి, అందులోవి వండి, గంగమ్మకు చూపించి, ఇరుగుపొరుగుకు పంచేవారు.

బాలప్ప ఆ తిప్ప మీదే పుట్టాడు. తల్లి పోతే పెద్దమ్మ సుంకమ్మ పెంచింది. ఆ గింజల అన్నం ఇంటింటికీ మోసిన పిల్లవాడే అతను. తర్వాత ఎగువన ఆనకట్టలు కట్టారు, వానలూ తగ్గాయి, ఏరు ఇసుక అయిపోయింది. ఒక్కొక్క ఇల్లే కుండ కట్టడం మానుకుంది. సుంకమ్మ మానలేదు.

బజారులో తనను తిప్పోడు అని పిలవడం బాలప్పకు నామోషీగా ఉండేది. ఇల్లెక్కడంటే బస్టాండు దగ్గర అనేవాడు. ట్రాక్టరు కొన్నాక, కంపచెట్లు పెరిగిన చిన్న పాయను పూడిస్తే ఇళ్ళ జాగాలవుతాయని అతనికే తట్టింది. ఆ ఎండాకాలమంతా మట్టి తోలాడు. తిప్ప బజారులో కలిసిపోయింది. తన కొత్త ఇల్లూ ఆ మట్టి మీదే మొదలుపెట్టాడు.

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే వీరేష్ ఆ తర్వాత జాగా చూసుకోవడానికి వచ్చి బాలప్పను అడిగాడు.

"ఈడ ఏరు పారతా ఉన్నిందంట గదన్నా?"

"అదంతా ముసిలోళ్ళ మాటలప్పా. నేను ఈడ పుట్టినోణ్ణి, నాకు తెల్దా? నిమ్మళంగా కట్టుకో."

వీరేష్ అతని పక్కనే కట్టుకున్నాడు.

బాలప్ప గృహప్రవేశానికి సుంకమ్మ చంకలో ఏటికుండ పెట్టుకొని వచ్చింది.

"దూలానికి కట్టుకో నాయనా."

"స్లాబు ఇంట్లో దూలం యాడుంటాదే పెద్దమ్మా? నీ నెత్తికి కట్టుకోవల్ల ఇంగ."

వచ్చినవాళ్ళు నవ్వారు. సుంకమ్మ కూడా నవ్వింది. పెట్టిన పాయసం తాగి, కుండ మళ్ళీ చంకకెత్తుకొని వెళ్ళిపోయింది.

రెండేళ్ళ కిందట ఎగువన చెరువులు తెగి, ఒక మధ్యాహ్నం ఏరు వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిందని ఆడవాళ్ళు పసుపు కుంకుమలు తీసుకొని ఎదురువెళ్ళారు. పెద్ద పాయ నిండాక నీళ్ళు తమ పాత దారి వెతుక్కున్నాయి. దారికి అడ్డంగా మట్టి, మట్టి మీద ఇళ్ళు. చూస్తుండగానే నీళ్ళు కిటికీల దాకా లేచాయి. బజారు వైపు దారి తెగిపోయింది. ఇక మిగిలిన మెరక తిప్ప ఒక్కటే. పిల్లల్ని ఎత్తుకొని అందరూ దాని మీదికే ఎక్కారు. వీరేష్ కుట్టుమిషన్లు నీళ్ళపాలయ్యాయి.

సుంకమ్మ పొయ్యి రాజేసి ఏటికుండ దించింది. అంతమందికి అది చాలలేదు. లోపలికి వెళ్ళి ఇంకొకటి దించుకొచ్చింది.

"ఇదెవరిదవ్వా?" అంది వీరేష్ భార్య సరళ.

"మా బాలప్పది. వాని ఇంట్లో దూలం ల్యాదు గదా, ఈడే కట్టిపెడతాండా ఏటేటా."

బాలప్ప ఆ మాట విన్నాడు. సుంకమ్మ మొదటి ముద్ద అతని ఆకులోనే వేసింది. అది చేతిలోనే ఉండిపోయింది.

"నీళ్ళు పొయ్యే దావకు మట్టి తోలి పెట్టిన మారాజు ఎవురో, వాడు కనపడితే బాగుండు," అన్నాడు వీరేష్.

తెలిసినవాళ్ళంతా తమ ఆకుల్లోకి చూసుకున్నారు.

"ఆడ అందరమూ చెత్త పోసినోళ్ళమే ల్యాప్పా. తిను, సల్లారిపోతాది," అంది సుంకమ్మ.

ఆమె తనను కాపాడుతోందని బాలప్పకు అర్థమైంది. అది తిట్టు కంటే బరువుగా తగిలింది. ముద్ద ఆకులో పెట్టేశాడు.

"నేనే వీరేషా. మట్టి తోలింది నేనే. ఏరు పారేదని తెలిసే నీకట్ల చెప్పినాను."

వీరేష్ అతని వైపు తిరిగాడు.

"నీ పక్కనుంటే ధైర్యమనుకొంటినన్నా," అని మాత్రం అని, తల వంచి తినసాగాడు.

నీళ్ళు తగ్గాక బాలప్ప ముందు తన ఇంటినే పడగొట్టించి, పాయలో తోలిన మట్టిని తిరిగి ఎత్తడం మొదలుపెట్టాడు. పాయ సగం తేలింది. వీరేష్ మాత్రం రాయదుర్గానికే వెళ్ళిపోయాడు. ఎదురుపడితే పలకరిస్తాడు, ఆగడు.

మొన్న తొలి ఏకాదశినాడు బాలప్ప కొత్త కుండ, కొర్రలు తీసుకొని తిప్ప మీదికి వెళ్ళాడు. గడప బయటే నిలబడిపోయాడు.

"లోపలికి రా నాయనా, ఆడనే నిలబడ్తివేమి?"

"కాళ్ళకు మట్టి ఉండాది పెద్దమ్మా."

సుంకమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. అతను అందుకునేలోగానే వంగి తనే అతని కాళ్ళ మీద పోసింది. బాలప్ప తల ఎత్తలేదు. కుండను గుండెకు అదుముకొని, మట్టి కరిగి గడప పక్కగా పారుతుంటే చూస్తూ నిలబడ్డాడు.