సంఘం మాట కోసం నేను విరిచిన చెయ్యి

ఒడిశాలోని పురుషోత్తంపూర్ బజారులో చేపలమ్మే ఆడవాళ్లకు ఒక సంఘం ఉండేది. అందరం సముద్రపు ఒడ్డున ఒకే ఊరివాళ్లం; పొద్దున్నే బస్సు మీద తట్టలేసుకుని వచ్చేవాళ్లం. కట్టుబాట్లు రెండే. అందరిదీ ఒకటే ధర. కొత్తవాళ్లు కూర్చోవాలంటే అందరూ ఒప్పుకోవాలి. కాదన్నవాళ్లను కొట్టేవాళ్లం. నేను చేరిన ఏడాదే, చౌకగా అమ్మిన ఒక పరాయి ఊరి ఆమెను జుట్టు పట్టి బస్టాండు దాకా ఈడ్చుకెళ్లాం. నేనూ ఓ చెయ్యి వేశాను. కొన్నేళ్లకు నన్నే పెద్దను చేశారు. నా గొంతు పెద్దది, చెయ్యి దురుసు.

ఆ రోజుల్లో మా మరిది కేరళకు వలస పనికి వెళ్లి, నడుం విరగ్గొట్టుకుని తిరిగొచ్చాడు. అతని భార్య, నా తోడికోడలు, బజారుకొచ్చి నా ముందు నిలబడింది.

"అక్కా, ఓ మూల సోటిస్తే సాలు. కూకుని అమ్ముకుంటాను."

"ఉన్నోలికే బేరాల్లేవు. నన్నేటి సెయ్యమంటావు?" అన్నాను. మిగతావాళ్లూ తలలు అడ్డంగా ఊపారు.

ఆమె బతిమాలలేదు. మర్నాటి నుంచి మాకంటే ముందు బస్సెక్కి, వీధులన్నీ తిరిగి, మా ధరకు తక్కువగా అమ్మేసేది. వారం తిరక్కుండా మా తట్టల్లో చేపలు మిగిలిపోయి మెత్తబడసాగాయి. "నీ ఇంటి మనిసని ఊరుకున్నావు" అని అందరూ నా మీద పడ్డారు. ఒళ్లంతా మండిపోయింది నాకు.

ఒక పొద్దున, ఒడియా వాళ్ల గుమ్మం ముందు ఆమె కవళ్ల చేపలు తూస్తుంటే పట్టుకున్నాం. ఐదుగురం.

"ఈది తిరగమని నీకెవులు సెప్పారే?" అన్నాను.

"ఈది మీ సంగానిదేటి? నా మొగుడికి మందులు నువ్వు తెస్తావా?"

తట్టను తన్నాను. చేపలు కాలవలో పడ్డాయి. ఆమె నా మెడ పట్టుకుని గోళ్లు దించింది. ఇద్దరు వెనకనుంచి ఆమెను పడేసి కాళ్లతో తొక్కారు. అయినా నా చీర వదల్లేదు. ఆమె తక్కెడలోని కేజీ రాయి, ఇనుపది, నా చేతికందింది. చీర పట్టుకున్న ఆ కుడిచేతి మీద కొట్టాను. వదల్లేదు. మళ్లీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. గుమ్మంలో ఇల్లాలు కొట్టొద్దని "మారొ నాహిఁ, మారొ నాహిఁ" అంటూ ఏడుస్తోంది. నేను మూడోసారి కొట్టాను. అప్పటికే ఆ చెయ్యి నా చీర వదిలేసింది.

బరంపురం ఆసుపత్రిలో కట్టు కట్టారు గానీ ఆమె వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. పోలీసులకు మా ఐదుగురి పేర్లూ చెప్పింది. మమ్మల్ని ఒక పూట స్టేషన్లో కూర్చోబెట్టారు. ఊరి పెద్దలు మధ్యలో పడి రాజీ కుదిర్చారు. అప్పుడిచ్చాం ఆమెకు బజారులో చోటు. ఎడమచేత్తో చేపలు కొయ్యలేక, రెండు నెలలకే మానేసి, ఎండుచేపలు ఆరబెట్టే కూలికి పోయింది.

ఒకసారి ఊళ్లో కుళాయి దగ్గర ఆమె బిందె ఎత్తబోయాను.

"ఒగ్గీ. ముట్టకు," అంది.

ఎడమచేత్తో నడుముకు ఆనించుకుని, నీళ్లు ఒలికించుకుంటూ తనే మోసుకుపోయింది. ఆ తరవాత చాలా ఏళ్లు ఎవరూ మా ధరకు తక్కువ అమ్మలేదు. సంఘంలో పెద్దరికం నేను వదులుకోనూ లేదు.