కానుగ చెట్టు కింద పాలు

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్లు ఉండగా, ఇంకా పాలు మరవని మా తమ్ముడు జ్వరంతో పోయాడు. జమ్మలమడుగులో ఇప్పుడు పార్కు అంటున్న చోటు అప్పట్లో పాత శ్మశానం. గేటు పక్కన పూర్వమెప్పటిదో ఒక దొర సమాధి, లోపలంతా ముళ్లకంప కప్పిన చిన్నచిన్న మట్టికుప్పలు, వాటి నడుమ ఒక కానుగ చెట్టు. పూడ్చేటప్పుడు ఆడవాళ్లు అక్కడికి పోకూడదు. నేను చిన్నదాన్నని, నాన్న చెయ్యి వదలడం లేదని వెంట రానిచ్చారు. కానీ నన్ను దొర సమాధి దగ్గరే కూర్చోబెట్టి వాళ్లు లోపలికి పోయారు. నేనేమీ చూడలేదు.

చోటు తెలిస్తే అమ్మ అక్కడే పడి ఉంటుందని నాన్న నోరు విప్పలేదు. అమ్మ అన్నం మానేసింది. "నువ్వన్నా చెప్పు పాపా, యాడ పెట్టినారు వాన్ని?" అని గడ్డం పట్టుకుని అడుగుతుంటే, చూడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానుగ చెట్టు కింద అనేశాను.

మరుసటి రోజు, నాన్న అంగడికి పోగానే, అమ్మ గ్లాసెడు పాలు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని పోయింది. కానుగ చెట్టు కింది కుప్ప మీద పాలు పోసి, దాన్ని కరుచుకుని పడుకుంది. మా తమ్ముడికి గుంత తవ్విన శ్మశానం కాపరి తాత దూరంగా నిలబడి చూస్తూనే ఉన్నాడు గానీ ఒక్క మాటా అనలేదు.

సాయంత్రం ఆయన దగ్గరికి ఒక్కదాన్నే పోయి, నేనాడిన అబద్ధం చెప్పుకుని ఏడ్చాను.

"ఏడవాకు పాపా. మీయమ్మ పోసిన పాలు ఎవురి బిడ్డో తాగింటాది. మీ తమ్మునికి ఇంకో తల్లి పోసింటాది. ఈ మాట మీయమ్మకు చెప్పాకు" అన్నాడు. అసలు చోటు చూపిస్తా రమ్మని లేచాడు కూడా. భయమేసి ఇంటికి పరుగెత్తాను. ఆ పరుగుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

కాళ్లాడినన్నాళ్లూ అమ్మ ఆ చెట్టు కిందే పాలు పోసింది. పోయేముందు ఆ పని నాకు అప్పజెప్పింది. ఇప్పుడు నాన్న లేడు, కాపరి తాత లేడు. కుప్పలన్నీ చదును చేసి, నడిచేవాళ్ల కోసం బండలు పరిచారు. కానుగ చెట్టూ లేదు. దొర సమాధి ఒక్కటే మిగిలింది. దాని దగ్గర నిలబడి ఎటు పోవాలో తెలియక పిచ్చిదానిలా తిరుగుతాను.

"ఏందవ్వా, పాలు ఈడ పారబోస్తాండావు?" అని వాచ్‌మన్ అడిగాడు మొన్న.

కాపరి తాత మాటే పట్టుకుని, మట్టి కనబడిన చోట పోసి వస్తున్నాను. ఆయన ఆ మాట అన్ననాడు అక్కడికి పాలు తెచ్చే తల్లులు శానామంది ఉండేవాళ్లు. ఇప్పుడు నేనొక్కదాన్నే. అంతమంది బిడ్డలకూ ఈ ఒక్క గ్లాసే.