కుర్చీకాలి యజమాని

మా మరిదికి ఒకటే జబ్బు. ఏ కంపెనీలోనైనా చిటికెడు డబ్బు పెడితే చాలు, కంపెనీ మొత్తం తనదే అనుకునేవాడు. అనుకుని ఇంట్లో కూర్చుంటే ఎవరికీ బాధ లేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నల్ల గొడుగు చంకలో పెట్టుకుని, తన కంపెనీ ఎలా నడుస్తోందో చూసుకోవడానికి బయలుదేరేవాడు.

ఒకసారి తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. బ్యాటరీతో నడిచే సామాన్ల బండ్లు తయారుచేసే షెడ్డు అది. గేటు దగ్గర కాపలావాడు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"ఎవరు కావాలి పెద్దాయనా?"

"ఎవరూ అక్కర్లేదు. నా కంపెనీ నేను చూసుకుపోదామని వచ్చాను."

"మీ కంపెనీయా? ఓనరు లోపల ఉన్నాడే!"

"ఉండనీ. అతనూ ఓనరే, నేనూ ఓనరే."

"పాసు ఉందా?"

"నీ ఇంట్లోకి నువ్వు పాసు చూపించి వెళ్తావా?"

కాపలావాడికి సరదా పుట్టింది. "ఇంతకీ తమరు పెట్టిన సొమ్మెంత సార్?" అన్నాడు. మా మరిది ఏమాత్రం సిగ్గుపడకుండా చెప్పాడు. వాడు మోకాలు చరుచుకుని మరీ నవ్వాడు. "ఆ డబ్బుకి ఈ కుర్చీ కూడా రాదు కదండీ!"

నాకు తల కొట్టేసినట్టయింది. మా మరిది మాత్రం వంగి, ఆ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, గొడుగు మొనతో దాని వెనక కాలిని తట్టాడు.

"కుర్చీ రాదు, ఒప్పుకున్నాను. ఒక కాలు వస్తుందా, రాదా?"

"కాలంటే... వస్తుందేమో."

"అయితే ఈ కాలు నాది. నన్నడక్కుండా దీని మీద బరువేసి కూర్చున్నావు. లే!"

లేచాడండీ! గేటు తీశాడు, ఆ కుర్చీ తెచ్చి నీడలో నాకు వేశాడు. తక్కిన మూడు కాళ్ళవాళ్ళూ వచ్చేలోగా నేను హాయిగా కూర్చున్నాను.

ఆ రోజు నుంచి అతన్ని మా వాళ్ళంతా యజమాని అనే పిలిచేవారు. వెక్కిరిస్తున్నామని మేమనుకున్నాం, బిరుదు ఇచ్చామని అతననుకున్నాడు.

ఈ యజమాని పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. మా ఆయన పోయాక మా పక్క గదిలోకి మకాం మార్చాడు. అంతకు ముందు అతనికి గొడుగులు బాగుచేసే దుకాణం ఉండేది. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి, ఒక మేడమెట్ల కింద ఇరుకు జాగా. నడుం వంచి లోపలికి వెళ్ళి, నడుం వంచే బయటికి రావాలి. వాన పడితే జనం మెట్ల దాకా వరస కట్టేవారు. ఆ తర్వాత చవక గొడుగులొచ్చాయి. విరిగిందాన్ని చెత్తలో పడేసి కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టారు జనం. వాన వెలిసిన మర్నాడు ఇతను వీధంతా తిరిగి, చెత్తకుండీల్లో తలకిందులుగా నిలబడ్డ గొడుగుల్ని చూసి, అయినవాళ్ళు పోయినట్టు మొహం పెట్టి ఇంటికొచ్చేవాడు. చివరికి దుకాణం మూసేశాడు. ఆ ఆఖరి రోజున నేనూ ఒక గొడుగు బాగుచేయించుకుందామని వెళ్ళి, కూలి దగ్గర అతనితో గట్టిగా పోట్లాడి వచ్చాను. అది వేరే సంగతి.

పారెయ్యడమంటే అలా ఒళ్ళుమంట పట్టుకున్న మనిషికి ఎవరో ఫోన్లో ఒక చోటు చూపించారు. నేలనీ నీళ్ళనీ పాడుచెయ్యని వస్తువేదో తయారుచేద్దామనుకునే పిల్లలు, తమ కథ చెప్పుకుని అక్కడ డబ్బడుగుతారట. ముక్కూ మొహం తెలియని జనం తలా కాస్త వేస్తారట. వేసినవాడికి వేసినంత వాటా. గడువులోగా అడిగినంతా పోగైతే కంపెనీకి ఇస్తారు, కాకపోతే ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చేస్తారు. నేను బడికి వెళ్ళింది తక్కువే గానీ ఈ ముక్క నాకు ఒక్కసారి చెబితే అర్థమైంది. బాగా చదువుకున్న మా అల్లుడికి ఇప్పటికీ అర్థం కాలేదు.

మా ఇల్లు ఇతని కంపెనీల సరుకుతో నిండిపోయింది. పళ్ళతొక్కలతో చేసిన చెప్పులు తెచ్చుకున్నాడు. మెత్తగా ఉన్నాయి, కాదనను. కానీ ఎక్కడ విడిస్తే అక్కడికి చీమలు బారుకట్టేవి.

"ఇదేమిటయ్యా, ఈ చీమలు కూడా మన కంపెనీవేనా?" అన్నాను.

"చూశావా వదినా, తోలు చెప్పుల వెంట ఎప్పుడైనా చీమలొచ్చాయా? అసలు సరుకంటే ఇదీ!"

ఇంకోసారి అట్టపెట్టెల అట్టతో చేసిన కుర్చీ తెచ్చాడు. పండక్కో పబ్బానికో గానీ రాని మా అల్లుడు ఆ రోజే వచ్చి, సరిగ్గా అందులోనే కూర్చున్నాడు. కుర్చీ మెల్లగా, ఎంతో మర్యాదగా, కిందికి దిగింది. అల్లుడు నేల మీద కూర్చునే ఉన్నాడు, మా మరిది పక్కన చతికిలబడి, "కూర్చునే ముందు కాఫీ ఒలికించావా అల్లుడూ? తడి తగలకూడదని కాగితం మీద రాశారు" అని విచారణ మొదలుపెట్టాడు.

"చిన్నమామయ్య గారూ! మీరు ఆ కంపెనీలో పెట్టిన దానికంటే దాన్ని చూడ్డానికి బస్సులకి పెట్టింది ఎక్కువ!" అని అరిచాడు అల్లుడు కింద నుంచే.

"యజమాని అన్నాక తనిఖీ ఖర్చులు ఉండవా?"

అల్లుడు విసురుగా లేవబోయాడు. పట్టుకోవడానికి ఆసరా దొరకలేదు. చివరికి నేనే చెయ్యందించాను.

అన్నిటిలోకీ అతనికి ఇష్టమైన కంపెనీ పుట్టగొడుగుల పిల్లది. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో ఉండేది. గాజు సామాను పగలకుండా పెట్టెల్లో తెల్లటి థర్మోకోల్ పెడతారే, దానికి బదులుగా గడ్డినీ పుట్టగొడుగుల వేళ్ళనీ అచ్చుల్లో కూరితే అవి పెరిగి అల్లుకుని అదే ఆకారంలో గట్టిపడతాయి. పొయ్యిలో ఆరబెడితే సరుకు తయారు. పని అయిపోయాక మట్టిలో పడేస్తే మట్టైపోతుంది.

మొదటి తనిఖీకి నన్నూ తీసుకెళ్ళాడు. గుమ్మంలో అడుగు పెడుతూనే గొడుగు ఎత్తి చూపించాడు.

"ఏమిటమ్మా ఇది? కంపెనీయా, పాడుబడ్డ కొంపా? అచ్చులన్నిటికీ బూజు పట్టిందే! తుడిచే నాథుడు లేడా?"

ఆ పిల్ల పాపం గడ్డిలో పిండి కలుపుతున్న చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్ గారూ, తుడవకండి, తుడవకండి! ఆ బూజే మన సరుకు!"

మా మరిది అప్పటికే జేబురుమాలు తీసి ఒక అచ్చు తుడిచేశాడు. ఒక్క క్షణం ఆగాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. అయితే ఆ మూల తక్కువ పట్టిందేం? యజమాని అడిగితే గానీ పెంచరా?"

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిండి మీసాలు మొలిచాయి. అప్పటి నుంచి నెల తిరక్కుండా వెళ్ళేవాడు, ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టి పోట్లాడి, టీ తాగి వచ్చేవాడు.

అలా ఉండగా దీపాల గాజుబుడ్లు చేసేవాళ్ళు ఆ పిల్లని పెద్ద ఎత్తున సరుకు అడిగారు. అంత సరుకు ఆరాలంటే పెద్ద పొయ్యి కావాలి. మళ్ళీ జనాన్ని డబ్బడిగింది. ఈసారి గడువులోగా పోగు కాకపోతే ఆ బేరమూ పోతుంది, అద్దె కట్టలేక షెడ్డూ పోతుంది. సరిగ్గా అప్పుడే మా యజమాని బస్సు దిగుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

ఆసుపత్రిలో మంచానికి కట్టేసినట్టు పడుకుని, ఫోను మొహానికి అడ్డం పెట్టుకుని ఉండేవాడు. నర్సు వచ్చి, "నొప్పి ఎలా ఉంది తాతగారూ?" అంటే, "సగం కూడా నిండలేదమ్మా" అనేవాడు. ఆ అమ్మాయి సెలైన్ సీసా వైపు చూసుకునేది.

నేను అన్నం తీసుకెళ్ళేసరికి రోజూ ఎవరో ఒకరు అతని మంచం పక్కన ఉండేవారు. అంతా నా మనవల ఈడు వాళ్ళు. ఒకరోజు అతను నిద్రపోతుంటే బల్ల మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. చెప్పుల కంపెనీ తనదేనన్నాడు.

"ఓహో, చీమల చెప్పులు నీవేనా నాయనా? ఎలా నడుస్తోంది?"

"మూతబడి చాలా కాలమైందండీ."

నేను ఇంతెత్తున లేచాను. "మూతబడిందా? మరి ఈయన మొన్న మొన్నటి దాకా మన చెప్పులు, మన చెప్పులు అని ఊదరగొట్టాడే! డబ్బు పోయిందా?"

"పోయిందండీ. అందరిదీ పోయింది." తల దించుకున్నాడు. "మూసేస్తున్నామని రాస్తే వందలమంది ఫోన్లోనే తిట్టారు. వాళ్ళ తప్పు లేదు లెండి. కానీ గుమ్మం దాకా వచ్చింది ఈయనొక్కడే. బోర్డు వంకరగా దించుతున్నావని ఒక పోట్లాట. పెట్టెలకి తాడు కట్టడం రాదని ఇంకో పోట్లాట. మూతేసే దుకాణానికి చీపురెందుకని నేనంటే, యజమాని చెబితే ఊడవ్వా అని చీపురు చేతికిచ్చాడు. నాకు ఏడవడానికి తీరిక దొరకలేదండీ. వీధి చివరి దాకా వచ్చి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతావు, నా చెప్పులు అరిగిపోతున్నాయి అని అడిగి బస్సెక్కేశాడు."

"ఇప్పుడేం చేస్తున్నావు మరి?"

"సంచులు కుడుతున్నానండీ. చీమలు రావు."

కుర్రాడు వెళ్ళాక మంచం దగ్గరకొచ్చాను. మా మరిది కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అంత గట్టిగా మూసుకుని ఎవరూ నిద్రపోరు.

"ఓయ్ యజమానీ! బతికున్న కంపెనీలు చూడ్డానికి వెళ్తున్నావనుకున్నాను. చచ్చినవాటికి కూడా వెళ్తున్నావా?"

ఒక కన్ను తెరిచాడు. "నువ్వు నేర్పిన విద్యే వదినా."

"నేనేం నేర్పాను?"

"నా దుకాణం ఆఖరి రోజున గొడుగు తెచ్చావు. ఊచ విరిగిందన్నావు. కూలి ఎక్కువడిగానని మెట్ల మీద నిలబడి నన్ను నానా మాటలూ అన్నావు. ఆ కోపంలో తలుపు ఎప్పుడు మూశానో, తాళం ఎప్పుడు వేశానో నాకే తెలియలేదు."

"ఎక్కువే అడిగావు మరి."

"ఆ ఊచ విరిగింది కాదు వదినా, ఎవరో కావాలని విరిచింది. పట్టకారు పళ్ళ గుర్తులు పడ్డాయి."

నేను అన్నం గిన్నె మూత తీశాను. చెమ్చా కనిపించలేదు. అది నా చేతిలోనే ఉంది.

"తెలిసీ ఇన్నాళ్ళూ నోరెత్తలేదేం?"

"అడిగిన కూలి నువ్విస్తేగా!"

ఆ రోజు తీరిగ్గా తిన్నాడు. తింటూ ఫోను నా వైపు తిప్పాడు. గడువు అయిపోయింది. డబ్బు పోగవలేదు.

"రేపు ఆ పిల్ల షెడ్డు ఖాళీ చేస్తోంది వదినా. నేను కదల్లేను. నువ్వు వెళ్ళాలి."

"నేనా? నేనేమైనా యజమానినా?"

"నా వాటా నీకిచ్చేశాను. లెక్క చూశాను, ఆ పాత పొయ్యి తలుపు పిడి మనది."

"వెళ్ళి ఏం చెయ్యను? ఓదార్చడం నాకు చేతకాదు."

"ఓదార్చేదైతే నిన్నెందుకు పంపుతాను?" అని మంచం పట్టెకి తగిలించిన నల్ల గొడుగు తీసి నా ఒళ్ళో పెట్టాడు. "అచ్చులు తుడవనివ్వకు, వాటిలో ప్రాణం ఉంటుంది, జాగ్రత్తగా ఇంటికి తీసుకుపొమ్మను. గుమ్మంలోనే, ఆ మూల బూజు తక్కువుందేమని మొదలుపెట్టు. వీధి చివర, మళ్ళీ ఎప్పుడు తెరుస్తావని అడిగి బస్సెక్కెయ్యి. మధ్యలో ఏమనాలో నీకు ఒకరు చెప్పాలా? గొడుగు మాత్రం మర్చిపోకు. యజమానివని తెలియాలి."