కత్తెరక్క మూడు నెలలు

దర్జీ పనికి కొత్తగా చేరిన కత్తెరక్క మా గదికి వచ్చిన రోజు ఆమెకు మంచం చూపించి, "ఆ పక్క నీది, ఈ పక్క నాది. బీరువా ఇద్దరిదీ. నా అరలోకి నీ బట్టలు వచ్చాయంటే మాత్రం ఊరుకోను, ముందే చెప్తున్నా" అన్నాను. కొత్తగా వచ్చిన మనిషిని పలకరించే తీరు అదేనా అని మీరు అడగొచ్చు. నా నోరు అంతే. పరాయి సైన్యం బేసులో ఆరేళ్ళుగా, లాండ్రీలో, పొద్దస్తమానం ఆవిరి కక్కే ఇస్త్రీ మిషను ముందు నిలబడ్డదాన్ని. నా నోట్లోంచి తేనె కారుతుందా?

ఆమె ఏమీ అనుకోలేదు. పెట్టె దించి, తలుపు దగ్గరకు వెళ్ళి, లోపలి గడియ వేసింది. తీసింది. మళ్ళీ వేసింది.

"ఏంటి, పట్టడం లేదా?" అన్నాను.

"బ్రహ్మాండంగా పడుతోంది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూస్తే, ఆ గడియను ఆమెకే బహుమతిగా ఇచ్చారేమో అనిపించింది. ఈవిడకి కాస్త తిక్క ఉందనుకున్నాను.

గదంటే నిజానికి గది కాదు. ఓడల్లో సరుకు పంపే ఇనపపెట్టెకు ఒక తలుపూ ఒక కిటికీ కోసి, లోపల రెండు మంచాలు వేశారు. అలాంటివి వరసకు అరవై. బయట కంకర, కంకర దాటితే మట్టి నింపిన సంచుల గోడ, గోడ దాటితే మా లాండ్రీ. మెడలో బ్యాడ్జి లేకపోతే మెస్సులో మంచినీళ్ళు కూడా పుట్టవు. నెలకోసారి ఉత్తుత్తి సైరన్ మోగిస్తారు, అందరం వెళ్ళి కాంక్రీటు గుహలో కూర్చుంటాం. మొదటిసారి మోగినప్పుడు కత్తెరక్క టేపూ సుద్దముక్కా చేత్తో పట్టుకునే పరిగెత్తింది. "ప్రాణాలు పోతుంటే సుద్దముక్క ఎందుకు తల్లీ?" అంటే, "బతికి బయటపడితే మళ్ళీ వెతుక్కోవాలి కదా" అంది.

ఆమె కథంతా వారం రోజుల్లో చెప్పేసింది. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త జబ్బుచేసి పోతే తమ్ముడింటికి వచ్చింది. అక్కడ పందొమ్మిదేళ్ళు. కుట్టుమిషను వరండాలో. వానొస్తే దాని మీద పట్టా కప్పి, పక్కన తను తడుస్తూ నిలబడేది. చుట్టాలొస్తే మిషను మూలకు జరిగేది, దాంతోపాటు తనూ జరిగేది. హాల్లో టీవీ కట్టేసి అందరూ లేచాక అక్కడ చాప పరుచుకునేది.

"తమ్ముడు చెడ్డవాడా?" అన్నాను.

"అయ్యో, బంగారం. మరదలు కూడా మంచిదే. అదే కదా వచ్చిన చిక్కు. మంచివాళ్ళింట్లో ఉంటే పోట్లాడ్డానికి కూడా ఉండదే!"

నలభై ఆరేళ్ళ వయసులో, ఎవరో చెబితే విని, దర్జీ పనికి పరీక్ష కుట్టి, ఈ బేసుకు వచ్చింది. మూడు నెలలు చూస్తారు. పని నచ్చితే ఉంచుతారు, లేకపోతే వచ్చిన విమానంలోనే వెనక్కి. వెనక్కంటే వరండాకు. ఆ మాట ఆమె ఎప్పుడూ పెద్దగా అనలేదు గానీ, కాలెండరులో ఒక్కో రోజూ కొట్టేస్తుంటే నాకు అర్థమయ్యేది.

పనిలో మాత్రం రాక్షసి. కుట్టుగది మా ఇస్త్రీ గది వెనకే, మధ్యలో ఒక తెర. సిపాయిల బట్టలు నంబరు వేసిన వలసంచుల్లో వస్తాయి. బాగుచేయాల్సినవాటికి చీటీ కట్టి ఉంటుంది. సున్నా గీస్తే గుండీ, అడ్డగీత గీస్తే జిప్పు, ఇంటూ పెడితే చిరుగు. భాష రాకపోయినా పని ఆగదు. చీటీలో ఉన్నదే చేయాలి, లేనిది చేయకూడదు. పాత దర్జీ రోజుకు ముప్పై సంచులు ముట్టుకుంటే గొప్ప. ఈవిడ యాభై దాటించేది. సిపాయిలు వచ్చి బొటనవేలు ఎత్తి చూపించేవాళ్ళు. ఒకడు చాక్లెట్లు కూడా తెచ్చాడు. ఆరేళ్ళుగా వాళ్ళ చొక్కాలకు నేను కత్తి మడతలు పెడుతున్నాను, ఒక్కడైనా నా ముఖం చూశాడా? కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా! నాకు మండింది. దాచడమెందుకు, బాగానే మండింది.

రెండో నెలలో ఓవరాళ్ళు వచ్చాయి. ఉక్కు బళ్ళలో తిరిగే దళం వాళ్ళు తొడుక్కునేవి, మెడ నుంచి కాళ్ళదాకా ఒకటే బట్ట. వాటిలో ఒకదానికి జిప్పు పాడయింది. జిప్పు కొలత చూడ్డానికి, అది తొడుక్కునే కుర్రాడిని పిలిపించి నిలబెట్టి చూసింది కత్తెరక్క. నడుం దగ్గర జానెడు వదులు, వెనకవైపు వేలాడే సంచి.

"ఛీ ఛీ, ఇదేం కుట్టే? పిల్లాడు చూస్తే రాజకుమారుడిలా ఉన్నాడు, తొడిగింది గోనెసంచి" అంటూ తెర ఇవతలికి వచ్చి నాతోనే చెప్పింది.

చీటీలో ఉన్నది అడ్డగీత ఒక్కటే. అయినా ఇరవై ఏళ్ళుగా ఒంటికి పట్టేలా కుట్టిన చెయ్యి ఊరుకుంటుందా! జిప్పు వేసి, రెండు పక్కలా లోపలికి పట్టి, వెనక వదులు తీసేసింది. ఆ కుర్రాడు అద్దంలో చూసుకుని ఈల వేశాడు. మర్నాడు వాడి దళమంతా వరస కట్టింది. వారం తిరిగేసరికి పద్నాలుగు ఓవరాళ్ళు.

అవన్నీ నా మిషను కిందకే వచ్చాయి. మొదటిది పరిచినప్పుడే చేతికి తెలిసింది, కొలత మారిందని. అలా మార్చకూడదని కూడా నాకు తెలుసు. చేరినప్పుడే చెప్పారు. కుట్టుగది గోడ మీద మంట బొమ్మతో ఒక కాగితం కూడా ఉంది, అన్నీ వాళ్ళ అక్షరాలే. కత్తెరక్క ఆ బొమ్మ చూసి అక్కడ అగ్గిపుల్ల గీయకూడదేమో అనుకుంది. నేను తెర పక్కకు జరిపి ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. రోజంతా వాగే నోరు ఆ ఒక్కసారి మూసుకున్నాను, అదీ మూయకూడని చోట. నాలుగు చీవాట్లు తింటే బొటనవేళ్ళ సంబరం కాస్త తగ్గుతుందిలే అనుకున్నాను. అంతకంటే దూరం ఆలోచించలేదు.

మూడో నెల మధ్యలో తనిఖీ జరిగింది. దళాన్ని బండెక్కి దిగమన్నారు. ఎక్కడానికి కాలెత్తిన ఒకడి ఓవరాల్ వెనక కుట్టు టప్పున పిగిలింది. అందరూ నవ్వారట. సైన్యం బట్టల లెక్క చూసే స్టోర్సు మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆ ఓవరాల్ పట్టుకుని తిన్నగా కుట్టుగదికి వచ్చింది. వెంట మా సూపర్‌వైజరు. అతను మన భాషవాడే. నేను తెర ఇవతలే ఉన్నాను, ప్రతి మాటా వినబడింది.

"అక్కా, ఇవి బిగించింది నువ్వేనా?"

"నేనే బాబూ. పిగిలిందా? ఇటివ్వు, రెండు నిమిషాల్లో..."

"పిగలడం కాదక్కా. ఇవి వదులుగా ఉండాలనే అలా కుడతారు. బండిలో మంట లేస్తే గుడ్డకీ ఒంటికీ మధ్య గాలుండాలి. ఒంటికి అతుక్కుంటే గుడ్డ కాలకపోయినా లోపల చర్మం కాలిపోతుంది."

కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత కుర్చీ కిర్రుమన్న చప్పుడు.

"పద్నాలుగు మందికి కుట్టాను బాబూ" అంది. "ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఇంకా ఏం కాలేదు."

"అమ్మయ్య" అని, "నన్ను పంపించేస్తారా?" అని అడిగింది.

"సోమవారం చెప్తారు. ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను తెరకు రెండడుగులు దూరం జరిగాను.

"ఎవరికీ తెలీదు. నేనొక్కదాన్నే" అంది కత్తెరక్క. "పద్నాలుగూ తెప్పించు బాబూ. నేను గుడ్డ కోయలేదు. లోపలికి పట్టి కుట్టానంతే. కుట్టింది విప్పొచ్చు, కోసింది అతకదు అని మా అమ్మ నెత్తిన మొట్టి మరీ నేర్పింది."

మేడమ్ ఓవరాల్ లోపలివైపు తిప్పి చూసిందట. గుడ్డ పూర్తిగా ఉంది. విప్పండి, ఒక్కోటీ కొత్తదాని పక్కన పెట్టి నేనే కొలుస్తాను అని చెప్పి వెళ్ళింది.

మర్నాడు మాకు సెలవు. పొద్దున్నే టిఫిన్ కాగానే ఇద్దరం కుట్టుగదిలో కూర్చున్నాం. నన్ను రమ్మనలేదు. నేనే వెళ్ళాను. సైన్యం దారం, చేత్తో లాగితే చచ్చినా తెగదు. ఒక్కో కుట్టూ కొక్కెంతో లేపి, గుడ్డకు దెబ్బ తగలకుండా లాగాలి. నాలుగోది విప్పుతుండగా ఇక నావల్ల కాలేదు.

"అక్కా, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"బిగించకూడదని. మొదటిది ఇస్త్రీ చేసినప్పుడే చూశాను. చెప్పలేదు."

ఆమె తల ఎత్తలేదు. "ఎందుకు చెప్పలేదు?"

"కుళ్ళు."

"ఊఁ" అంది. ఇంకో నాలుగు కుట్లు విప్పింది. "గట్టిగా లాగకు, గుడ్డ పోగు లేస్తుంది."

"అంతేనా? తిట్టవా?"

"తిడతా. ఇవి అవనీ."

అన్న మాట నిలబెట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికి పద్నాలుగోది మడతపెట్టి, నడుం మీద చేతులు వేసుకుని లేచింది. "నామీద కుళ్ళుంటే నా టీలో ఉప్పు వేయవే! నా సంచులు దాచేయవే! ఆ పిల్లలు నిన్నేం చేశారే? ఒక్కడికి చర్మం కాలి ఉంటే వాళ్ళమ్మకి ఏం చెప్పేదానివే?" అంటూ నన్ను దులిపేసింది. పక్క గదుల్లోంచి జనం తొంగిచూశారు. నేను, ఎవరి చేతా ఒక్క మాట పడని నేను, తల వంచుకుని అన్నీ పడ్డాను.

ఆయాసం తీరాక కూర్చుంది. అప్పుడు అడిగాను, "నిన్న సూపర్‌వైజరు అడిగినప్పుడు నా మీద అనుమానం రాలేదా?"

"ఎందుకు రాదు? అన్నీ నీ చేతి మీదుగా పోయినవే. ఇస్త్రీ చేసేదానికి కుట్టు తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను కూడా పంపించేవాళ్ళు. పంపించేస్తారంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదే" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. సోమవారం పొద్దున్నే సూపర్‌వైజరు దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. అతను నెత్తి కొట్టుకున్నాడు. నా ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం చేరింది, ఇప్పటికీ ఉంది, ఉండనీ. మేడమ్ పద్నాలుగూ కొలిచి, సూది రంధ్రాలు వేలితో తడిమి చూసి, అన్నీ మళ్ళీ వాడొచ్చంది. తర్వాత గోడ మీది కాగితం చూపించి, ఇది ఈమెకు ఎవరు చదివి చెప్పారు అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పాల్సినవాడు సూపర్‌వైజరే. అతను నేల చూపులు చూశాడు. ఇప్పుడు ఆ మంట బొమ్మ కింద మన అక్షరాల్లో కూడా రాసి ఉంది. రాసింది నేనే.

మూడు నెలలు నిండిన రోజు కత్తెరక్కను ఆఫీసుకు రమ్మన్నారు. ఒంటరిగా వెళ్ళలేనని నన్ను తోడు తీసుకెళ్ళింది. గుమాస్తా ఒక ఫారం ముందు పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, "ఉంచుతున్నారమ్మా. రెండేళ్ళకి" అన్నాడు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"సొంత ఇంటి అడ్రసు చెప్పండి."

"మూడో వరస, నలభై ఏడో గది."

"అది ఇక్కడి గది కదమ్మా. నేను అడిగేది ఇల్లు."

"నేనూ ఇల్లే చెప్తున్నాను బాబూ."

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. పాపం, మంచిగానే చెప్పాడు. "అలా కాదమ్మా. మనం ఉండేది సైన్యం మధ్యలో. రేపు మీకేమైనా అయితే ముందుగా ఎవరికి కబురు చెయ్యాలి? అందుకు రాసుకోవాలి."

తమ్ముడి పేరు చెప్తుందనుకున్నాను. నావైపు వేలు చూపించింది. "దీనికి చెప్పండి. మావాళ్ళకి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఇది చూసుకుంటుంది."

"ఈవిడ మీకేమవుతారు?"

"చెల్లెలు."

నా కళ్ళ ముందు ఫారం మసకేసింది. గుమాస్తా ఆమె వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "సంతకం మీరే పెట్టాలి. సొంత చెల్లెలేనా?" అని నన్నడిగాడు.

"ఆరా తర్వాత తీద్దువుగానీ, నా సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు ముందు" అన్నాను.