పడుగు కోయని భూమన్న

నిన్న మా ఊరి హోట్గి రోడ్ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఫోన్ ఉన్నట్టుండి డప్పు మోగించి, "మీరు గెలిచారు!" అని హిందీలో అరిచింది. పిలవని ప్రకటన. ఆవిడ గాబరాగా ఫోన్‌ను కొంగులో చుట్టేసింది. బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దాని వెంటే భూమన్న గుర్తొచ్చాడు.

భవాని పేట్‌లో భూమన్నది మొబైల్ రిపేరు దుకాణం. అంతకుముందు మరమగ్గాల మీద చద్దర్లు నేసినవాడు. కారఖానా మూతపడ్డాక ఫోన్లు విప్పడం నేర్చుకున్నాడు, తర్వాత నాకు నేర్పాడు. కళ్లద్దాలు ముక్కు చివర ఉండేవి, కోపం కూడా అక్కడే ఉండేది. చాయ్ చల్లారితే ఒక కోపం, నేను తొందరపడితే ఇంకో కోపం.

ఒకరోజు పొద్దున మా వాడకట్టు సత్తవ్వ బీడీల చేట చంకన పెట్టుకునే వచ్చింది. ఫోన్ బల్ల మీద పెట్టిందో లేదో, పాటలూ, గంతులేసే అమ్మాయి బొమ్మలూ, లాటరీలూ ఒకదాని మీద ఒకటి ఎగబడ్డాయి.

"దేవునికి దీపం పెడ్తుంటే గీ పోరి ఎగురుడు షురూ చేస్తది. అంత సాఫ్ తుడిచెయ్యి భూమన్నా, పీడ పోతది!"

రీసెట్ కొడితే చిటికెలో పని. భూమన్న మాత్రం ఫోన్ ముట్టలేదు. "ఇందుల ఏమన్న దాచుకున్నవా, అక్కా?" అన్నాడు.

సత్తవ్వ కొంచెం సిగ్గుపడింది. "ఏముంటది! మా ఆయన పోకముందు పంపిన మాటలున్నయి. కూరల ఉప్పెక్కువైందని, మందుగోలీలు తేలేదని, అన్ని తిట్లే. బీడీల ఆకు కత్తిరించుకుంట రోజు వింట."

తుడిస్తే ఆ తిట్లు కూడా పోతాయని చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. ఫోన్ లాక్కుని గుండెకు అదుముకుంది. "అయితే గా పోరి ఎగిరితే ఎగరనీ. నాకు ఆయన ఉండాలె."

భూమన్నకు కోపం వచ్చింది. "మగ్గం మీద ఒక్క పోగు తెగితే పడుగంత కోస్తరా? తెగిన పోగు ఏదో దేవులాడాలె, గంతే. ఇటియ్యి."

ఈ గోల ఎప్పట్నుంచి, దానికి ముందు ఏం నొక్కావని మెల్లగా కూపీ లాగాడు. తెర మీద ఎర్రగా మెరిసి "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అని వస్తే, సత్తవ్వ భయపడి కింద ఉన్న "శుభ్రం చేయి" నొక్కి ఏదో యాప్ దించుకుందట. ఫోన్ ఊడుస్తానని వచ్చిన ఆ యాప్, సెట్టింగుల్లో పేరూ బొమ్మా లేకుండా నక్కి, ప్రకటనలన్నీ అదే కుమ్మరిస్తోంది. కంచే చేను మేయడమంటే ఇదే. భూమన్న దానికిచ్చిన అనుమతులు తీసేసి, దాన్ని పీకేశాడు.

"ఇల్లు కాలుతున్నదని ఒర్లెటోడే నీళ్ల బిందె అమ్మనీకొస్తే కొంటవా, అక్కా?"

"కొన," అని సత్తవ్వ వెంటనే మీట నొక్కి చూసుకుంది. ముసలాయన గొంతు దుకాణమంతా ఖంగుమంది: "ఏందే సత్తీ, కూరల ఉప్పు బస్తా కుమ్మరించినవా?" ముగ్గురం పడీ పడీ నవ్వాం. సత్తవ్వ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

భూమన్న ఇప్పుడు లేడు. దుకాణం నేను నడుపుతున్నాను. అన్ని ఫోన్ల మధ్య బతికి కూడా ఆయన గొంతు ఒక్కసారైనా దాచుకోలేదు, ఆ వెలితి నాకుంది. నిన్న బస్సులో నా పని ఏమిటో చెప్పగానే ఆ పెద్దావిడ, "అంతా తుడిచెయ్యి బిడ్డా," అని ఫోన్ నా చేతిలో పెట్టింది. నేను దాన్ని ముట్టుకోకముందే కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, అచ్చం ఆయన గొంతుతో అడిగాను.

"ఇందుల ఏమన్న దాచుకున్నవా, అమ్మా?"