వెనక కమాను కోసం నంద్యాల పోయొచ్చిన వైనం

“నేనెక్కినంకనే కుంగిందా? నీ బండి కొన్ననాడే కుంగిండాది వదినా!”

“అహోబిలం పోయేటప్పుడు బాగానే ఉండె. వచ్చేటప్పుడు నువ్వు వెనక సీట్లో కూలబడితివి చూడు, అప్పుడు కిర్రుమనె.”

“నా బరువు యాడిది? వారానికి రెండు ఒక్కపొద్దులుంటా నేను.”

“ఆ ఒక్కపొద్దు పలారాలు నేను చూడలేదా యేంది?”

ఇట్లా ఆళ్లగడ్డలో మా ఇంటి ముందర నేనూ, నా వియ్యపురాలు కనకమ్మా వాదులాడుకుంటూ ఉంటే, మా ఇద్దరి మధ్య బండి వెనక భాగం నేలకు ఆనించి, మూతి ఆకాశానికెత్తి నిలబడి ఉంది. మా ఇంటాయన కాలువ పనుల దొర దగ్గర కొన్న పాత కారు అది. వెనకంతా చెక్క బాడీ, మూటలు వేసుకోవడానికి చోటు ఉంది కాబట్టే కొననిచ్చాను. వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలుంటాయి. విల్లులాగా వంగి ఉంటాయి కాబట్టి వాటిని కమాన్లు అంటారు. మా బండివి అరిగి, విల్లు పోయి వాసాల మాదిరి అయ్యాయి.

కనకమ్మ చివరికి తెగేసి చెప్పింది. “రుక్మిణికి ఏడో నెల. ఈ కుంటి బండిలో నా కోడల్ని పంపను. చెంబు నిండా నీళ్లు పోసి ఒళ్లో పెట్టుకుంటే చుక్క తొణక్కూడదు. అట్లాంటి బండి తెచ్చుకో, పిలుచుకపో.” ఆ మాటనేసి నంద్యాల బస్సెక్కింది.

రుక్మిణి నా కడగొట్టు కూతురు. తొలి కాన్పు. శుక్రవారం అమావాస్య, అది దాటితే ఎనిమిదో నెల. ఆ నెలలో కడుపుతో ఉన్న పిల్లను ఊరు దాటించరు. తొమ్మిదో నెలలో ఆ రోడ్డు మీద తెచ్చే ధైర్యం నాకు లేదు. గురువారం దక్షిణానికి వారశూల, నంద్యాలకు మా ఊరు దక్షిణమే. ఎట్లా చూసినా బుధవారం పొద్దు గూకేలోపల పిల్ల మా గడప తొక్కాలి.

ముందు డబ్బు ఖర్చు లేని వైద్యం చేశాను. పుట్టినప్పటి నుంచి అంగట్లో తక్కెడ చూసినదాన్ని. ఒక పక్క దిగితే రెండో పక్క రాయి వేయాలి. పాత రోలు తెప్పించి బండి ముందర కట్టించాను. బండి సమంగా నిలబడింది. కానీ డ్రైవరు మస్తాను ఎంత తిప్పినా మలుపు తిరగక నేరుగా పోయి, మా కొట్టం గోడకే రోలుతో పొడిచింది. రోలు బాగానే ఉంది. గోడ పడింది.

ఇక లాభం లేదని, నంద్యాలలో ఉన్న మా అన్న కొడుకు పుల్లయ్యకు బస్సు కండక్టరుతో కబురంపాను. “వెనక కమాను కావాల. గట్టిది. అయిదారుమంది ఎక్కినా కుంగకూడదు. బుధవారానికి చేయించి పెట్టు.”

బుధవారం తెల్లవారి ఆరు గంటలకు బయలుదేరాం. సద్దికి జొన్నరొట్టెలు, వేరుశనగ బుడ్డల పొడి. బుధవారం ఉత్తరానికి శూల కాబట్టి, మొదట దక్షిణంగా గానుగ దాకా పోయి, అక్కడ బండి తిప్పించాను.

“అవ్వా, యుద్ధం కాలం. పెట్రోలుకు చీటీ దొరకడమే కష్టం,” అన్నాడు మస్తాను.

“శూలకు దక్షిణ ఇచ్చినామనుకో. పోనీ.”

నేను ముందు సీట్లో కూర్చున్నా నాకు ఆకాశం తప్ప రోడ్డు కనిపించలేదు. ఏ ఊరొచ్చిందో మస్తాను చెప్పవలసి వచ్చింది. శిరివెళ్ల ఇవతల ఒక రైతు చేయెత్తాడు.

“వెనక ఎక్కనీయను. బానెట్టు మీదయితే కూర్చో,” అన్నాను.

ఆయన ఎక్కగానే ముందు భాగం కాస్త దిగింది, నాకు రోడ్డు కనిపించింది. “ఒళ్లు కాలుతాంది గానీ అవ్వా, పెండ్లికొడుకు మాదిరి ఉండాది,” అన్నాడు. నంద్యాల దాకా అట్లానే వచ్చాడు. ఇట్లాంటి బండ్లున్నవాళ్లు దారిలో మనిషి దొరికితే వదులుకోవద్దు. కాస్త బరువైన మనిషినే చూసుకోండి.

తొమ్మిది దాటాక పుల్లయ్య అంగడి చేరాం. వాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. “అత్తా, తయారు. చూసుకో.”

చూశాను. అంగడి పక్కన లావు వెదురు బొంగులతో ఒక కమాను నిలబడి ఉంది. పెండ్లివాకిళ్లకు కట్టేది. చుట్టూ రంగు కాగితాలు, నెత్తిన ‘సుస్వాగతం’.

“ఏందిరా ఇది?”

“వెనక కమాను. రుక్మిణికి శ్రీమంతం కదా! వెనక వాకిలికి కమానేందబ్బా అని నేనూ అనుకొంటి. అయిదారుమంది కమాను మీదికి యాల ఎక్కుతారో అసలే తెలీలే. నీ ఇంటి పద్ధతి ఏందోలే అని లావు బొంగులు వేయిస్తి. నలుగురిని ఎక్కించి చూసినా. కుంగలే.”

తిట్టడానికి పొద్దు లేదు. కమ్మరి వీధికి పోయాం. పాత పట్టీలు ఊడదీసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, మళ్లీ విల్లులా వంచుతానన్నాడు కమ్మరి. వంచుతున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను.

“చాలు అవ్వా. ఇంక వంచితే బండి వెనక లేస్తాది.”

“లేవనీ. మళ్లీ మళ్లీ నీ దగ్గరికి యాడ తిరగాల? ఇంకొంచెం వంచు.”

వంచాడు. మూడు గంటలకు బిగించేసరికి బండి వెనక భాగం లేచి, ముందుకు వంగి నేల వాసన చూస్తున్నట్టు నిలబడింది. చేయించిన కమానును పారేసేదాన్ని కాను. దాన్ని కూడా బండి మీద నిలువునా కట్టించాను.

వియ్యపురాలి ఇంటి ముందర బండి ఆపితే, కనకమ్మ దాన్ని చూసి ముక్కున వేలేసుకుంది. అయినా మాట మాటే. చెంబు నిండా నీళ్లు పోసుకొని, కోడలి పక్కన వెనక సీట్లో కూర్చుంది. “చుక్క పడిందా, బండి వెనక్కి తిప్పాల. రాత్రికి మీ ఇంట్లో పండుకోనైనా పండుకుంటాలే గానీ, నేను కూడా వస్తాండా.”

శిరివెళ్ల దాకా రోడ్డు పరవాలేదు. ఆ తర్వాత వంక ఉంది. అందులో దిగి ఎక్కేటప్పుడు కొత్త బండిలోనైనా చెంబులో నీళ్లు నిలవవు. నేను నోట్లో గోవిందా అనుకుంటూనే ఉన్నాను. శిరివెళ్ల ఊరి మధ్యలో జనం బండికి అడ్డం వచ్చారు. కమానూ, కాగితాలూ, ఒళ్లో నిండు చెంబు పట్టుకొని కదలకుండా కూర్చున్న కనకమ్మా కనిపించేసరికి వాళ్లు వేరే అనుకున్నారు.

“అమ్మా, స్వామి తీర్థమా? మాకూ రవ్వంత పోయండమ్మా!” ఒకామె అప్పుడే కనకమ్మ కాళ్లకు పసుపు రాస్తోంది.

“తీర్థమూ లేదు గీర్థమూ లేదు, బావి నీళ్లు,” అనబోయింది కనకమ్మ.

రుక్మిణి మెల్లగా అంది. “అత్తా, అడిగినోళ్లకు లేదంటే పాపమంట.”

కనకమ్మ నా వైపు చూసింది. నేను కొండల వైపు చూశాను. పసుపు రాసిన కాళ్లు, చాచిన చేతులు. పోసింది. మొదట బిగపట్టి పోసింది, ఆమెను ‘తల్లీ’ అనేసరికి ధారాళంగా పోసింది. మేం కదిలేసరికి చెంబులో అడుగున కొంచెం మిగిలింది. వంకలో బండి ఎగిరి పడింది. నా పళ్లు కదిలాయి. చెంబు మాత్రం తొణకలేదు.

పొద్దు గూకకముందే బండి మా వాకిలి లోపలికి పోయింది. రుక్మిణి గడప తొక్కింది. కమానును విప్పి, ఎంతైనా చేయించింది కదా అని వాకిటికే గట్టిగా పాతించాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నా అనుభవం ఇది: దారి చెడ్డది, జనం మంచివాళ్లు, కబురు మాత్రం ఎవరి నోటా పంపరాదు.

మరునాడు పొద్దున కనకమ్మను దింపి రావడానికి మస్తాను బండి తీశాడు. వెనక ఎత్తు పెరిగింది కదా, టాపు పోయి కమానుకు తగిలింది.

“కమాను పీకించు వదినా.”

“పీకితే కాగితాలు చిరుగుతాయి. నువ్వెక్కి కూర్చో.”

“నేనెక్కితే?”

“ఏమీ కాదు. నీ బరువు యాడిది!”

ఎక్కి కూర్చుంది. కిర్రుమంది. బండి వెనక నాలుగు వేళ్లు దిగింది. కాగితం ఒక్కటి కూడా చిరగకుండా కమాను కింద నుంచి బయటపడింది.