షమీమాపా సైకిల్ గది

ఇవాళ సాయంత్రం క్లాసులో ఒక అమ్మాయి సైకిల్ మర మరీ బిగించి తొక్కింది. కదలని సైకిళ్లకు ముందు ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది, దాన్ని ఒత్తిపట్టడానికి పైన ఒక ఉన్ని మెత్త. మర బిగుసుకుంటే మెత్త రాపిడికి వేడెక్కి గదంతా కమురు వాసన కొడుతుంది. మిగతా ఆడవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం పిచ్చిదానిలా నిలబడి ఆ వాసన పీల్చాను. ఆపా పోయాక దొరికినప్పుడల్లా అలాగే పీలుస్తున్నాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క; షమీమాపా మా అందరికీ అక్కే. ఆమె భర్త సిరోంచలో సైకిళ్లు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఆయన పోయాక, చంద్రపూర్‌లో మూతపడ్డ ఒక జిమ్ నుంచి నాలుగు సైకిళ్లు తెప్పించి, దుకాణం వెనక గదిలో ఆడవాళ్ల కోసం క్లాసు పెట్టింది ఆపా. బజారంతా ఒకటే నవ్వు. "ఆపా, నీ సైకిలు గోదారి దాటుతదా?" అని అడిగేవాళ్లు. ఆపా పాన్ నములుతూ, "దాటదు బేటా. అందుకే మునుగుడు సుత లేదు" అనేది. ఆ నవ్వులకు భయపడే చాలామంది ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు. వాళ్ల కోసం ఆపాకు ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చిన మనిషికి గడియారానికి ఎదురుగా కుర్చీ వేసి, "జర టైం జూసి చెప్పమ్మా, నాకు కండ్లు కనవడయి" అనేది. కళ్లు కనబడకపోవడమేమిటి! అద్దాల్లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి. ఆ నెపంతో వాళ్లు బెదురు తీరేదాకా చూస్తూ కూర్చునేవాళ్లు.

నేను ఆ కుర్చీలో కూర్చోనన్నాను. బళ్లో పంతులమ్మను, చామోర్షిలో చదువుకునే రోజుల్లో ఎండనక వాననక సైకిల్ తొక్కినదాన్ని, నాకు ఒకరు నేర్పేదేమిటి? ఎక్కాను. జోరుగా తొక్కి, రోడ్డు మీద చేసినట్టే కాళ్లు ఆపి దర్జాగా కూర్చోబోయాను. ఆ ఇనుప చక్రం ఆగితేగా! అది తిరిగినంతసేపూ పెడలూ తిరుగుతుంది. వచ్చి నా మోకాలి కింది ఎముక మీద ఠపీమని కొట్టింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆపా నా కాలికి నూనె రాస్తూ, "ఫికర్ జెయ్యకు రాజీ. సైకిల్ వచ్చినోళ్లకే ఈ దెబ్బ తగుల్తది, రానోళ్లకు తగలది" అంది. ఆ మాటతో మర్నాడు మళ్లీ వెళ్లాను. ఏడాది తిరిగేసరికి ఆపాకు కుడిభుజం నేనే అనుకునేదాన్ని.

బామ్ని నుంచి పోచక్క వచ్చింది అప్పుడే. యాభై దాటిన మనిషి. ఊళ్లో నాట్ల ముఠాకు పెద్ద. మోకాళ్లు పట్టేసి రెండేళ్లుగా పొలంలో దిగలేదు. నొప్పి లేకుండా తొక్కగలిగినంత తొక్కితే కాళ్లకు బలం వస్తుందని, ఊరికే కూర్చుంటే మంచానికే అంటుకుపోతావని దవాఖానలో చెప్పి పంపారు. ఆపా ఆమెకు కుర్చీ వేసింది. పదిరోజులైనా పోచక్క ఆ కుర్చీలోనే. నాకు లోపల ఒకటే ఉడుకు.

"ఇట్ల కూసుంటె ఆమె మోకాళ్లు బాగైతయా ఆపా?"

"తొందరేంది? ఉడకకముందే మూత తీసి వడ్డిస్తె పలుకులే తింటం."

అంతలో ఆపా పెళ్లికని అహేరి వెళ్తూ తాళంచెవి నాకిచ్చింది. ఇక ఆగుతానా! బళ్లో బెదురుగొడ్డుల్లాంటి పిల్లల్ని ముందుకు తోసి పాట పాడించేదాన్ని. పోచక్క చెయ్యి పట్టి లేపాను. "వద్దు బిడ్డా, ఇయ్యాల వద్దు" అంటున్నా వినలేదు. అందరం చప్పట్లు కొట్టాం. ఎక్కింది, తొక్కింది, నవ్వింది కూడా. చీర మోకాళ్ల దాకా జరిగింది, నేను చూడలేదు. అది గమనించకుండానే వీడియో తీసి, మరో నలుగురికి ధైర్యం వస్తుందని తాలూకాలోని మహిళా సంఘాల గ్రూపులో పెట్టాను.

మర్నాడు పోచక్క రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వీడియో బామ్నిలో ప్రతి ఫోన్‌లోకీ వెళ్లిందని, కల్లు దగ్గర మగవాళ్లు దానికి పాట కలిపి చూస్తున్నారని తెలిసింది. 

ఆపా తిరిగొచ్చాక అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. బురఖా వేసుకుని "నడువు" అంది. ఆటోలో బామ్ని వెళ్లాం. పోచక్క ఇల్లు కనిపించాక, "మంచికే జేసిన అనకు. తప్పయింది అని ఊకో" అంది.

పోచక్క వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. లేవడానికి రెండు చేతులూ నేలకు ఊనింది, అయినా లేవలేకపోయింది. నేను తప్పయిందన్నాను. ఇంకేదో చెప్పబోయి ఆపా మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పోచక్క చీర అంచు పాదాల మీదికి లాక్కుంది.

"నా కాళ్లు ఊరందరు జూసిండ్రు మేడం," అంది. "నువ్వు సెడ్డదానివి కాదు. కని, నేను వద్దన్న."

అంతవరకు నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి. నాకు ఏడుపు ఆగలేదు.

ఆపా ఆమెను మళ్లీ రమ్మనలేదు. టీ తాగి, వరి ధర మాట్లాడి లేచింది. మర్నాడు ఒక సైకిల్‌ను ట్రాక్టర్‌లో బామ్నికి పంపింది. "ఇది సరిగ తిరుగుతలేదు, ఈడ జాగ లేదు, జర నీ ఇంట్ల ఉండనియ్యి పోచక్కా" అని చెప్పించింది. నాలుగింటిలోకీ బాగా తిరిగేది అదే, నేను రోజూ తొక్కేది కూడా అదే.  ఆ ఎండాకాలమంతా నేను నా వంతు కోసం గోడవారన నిలబడ్డాను, సిగ్గుతో నిలబడ్డాను. అప్పుడప్పుడూ ఎవరైనా వచ్చి, పోచక్క ఇంట్లో పగటిపూట తలుపు వేసి ఉంటుందని, లోపల ఏదో గిర్రున తిరుగుతున్న చప్పుడు వస్తుందని చెప్పేవాళ్లు. ఆపా విననట్టే ఉండేది. ఆ తర్వాతి వానకాలంలో పోచక్క నాట్లకు దిగింది.

ఆపా పోయిన రోజు పోచక్క కర్ర లేకుండా, ఆటో దిగి సందంతా నడిచి వచ్చింది. ఆడవాళ్ల మధ్య నా పక్కనే కూర్చుంది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"ఆమె నన్నొక్కపారన్న ఎక్కుమనలే బిడ్డా," అంది. "ఒక్కపారి సుత అనలే."

ఇప్పుడు క్లాసు నేను నడుపుతున్నాను. గుమ్మం దగ్గర ఎవరైనా చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే 'ఎక్కు' అన్న మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. మింగుతాను. ఇన్నేళ్లయినా అది నాకు తేలిగ్గా మింగుడుపడదు. పక్కన ఆపా ఉంటే బాగుండును.